కొటారుపాలెం చెమటగోడ మాత

కొటారుపాలెం వచ్చే యాత్రికులు రేవుకొత్తూరు దగ్గర బస్సు దిగాలి. అక్కడినుంచి ఉప్పు మడుల మధ్య గట్టు మీద నడిచి రావాలి. ఆటోలు సగం దూరం వరకే వస్తాయి, తర్వాత గట్టు సన్నబడుతుంది. దారిలో చెట్టు లేదు, నీడ లేదు. రెండు పక్కలా మడుల్లో నిలబడిన నీళ్ళు ఎండకు మెరిసి కళ్ళలో గుచ్చుకుంటాయి. మే నెల పండుగకు వచ్చేవారు నెత్తిన తడిగుడ్డ వేసుకుని, తాగడానికి మంచినీళ్ళు వెంట తెచ్చుకోవడం మంచిది. ఇక్కడ ఎంత లోతు తవ్వినా ఉప్పునీళ్ళే పడతాయి.

గుడి చిన్నది. దూరం నుంచి చూసేవారు దాన్ని ఉప్పు దాచే కొట్టు అనుకుంటారు. దగ్గరికి వచ్చి పైన సిలువ చూస్తే గాని గుడి అని తెలియదు. లోపల బల్లలు లేవు, తాటాకు చాపలు ఉన్నాయి. పీఠం వెనుక పడమటి గోడలో ఒక గూడు, ఆ గూటిలో మూరెడు ఎత్తున్న దేవమాత స్వరూపం. మాత పాదాలను, పాదాల కింది చంద్రవంకను ఉప్పు తినేసింది. వేళ్ళు కలిసిపోయి, మడమలు పగిలినట్టు కనిపిస్తాయి. కొత్త స్వరూపం తెచ్చి ఇస్తామని చాలామంది అడిగారు. పాలెం వాళ్ళు ఒప్పుకోలేదు.

వచ్చినవారి కళ్ళు ముందు మాత మీద పడవు, ఆ గోడ మీద పడతాయి. మిగతా మూడు గోడలూ తెల్లగా, పొడిగా ఉంటాయి. పడమటి గోడ మాత్రం ఏ కాలంలో వచ్చినా పెచ్చులు ఊడి ఉంటుంది, చెయ్యి వేస్తే తడి తగులుతుంది. పైకప్పు కారుతోందేమో అని కొత్తవారు పైకి చూస్తారు. పైకప్పు బాగానే ఉంది. ఆ గోడకు చెమట పడుతుంది.

ఈ గుడిలో ఒక కట్టడి ఉంది. గడప దగ్గర ఎవరూ ముఖం తుడుచుకోకూడదు. గట్టు మీద నడిచి వచ్చిన చెమటతోనే లోపలికి రావాలి. అది ఎందుకో ఈ చరిత్ర చదివితే తెలుస్తుంది.

పూర్వం ఇక్కడ ఊరు లేదు. చవిటి నేల, మొగలి పొదలు, పీతల బొరియలు ఉండేవి. మెట్ట ప్రాంతంలో వరసగా వానలు ముఖం చాటేసిన కాలంలో కొన్ని కుటుంబాలు కూలి వెతుక్కుంటూ ఇక్కడికి దిగివచ్చాయి. తాతల నాటి నుంచే వారు కతోలికులు. కుండా చట్టీతో పాటు ఈ స్వరూపాన్ని కూడా గోనెసంచిలో చుట్టి తెచ్చుకున్నారు. చాలా క్షేత్రాలలో స్వరూపం పుట్టలో దొరికిందనీ, వలలో పడిందనీ, పశువుల కాపరికి కనిపించిందనీ చెబుతారు. ఇక్కడి మాత ఎవరికీ దొరకలేదు. జనంతో పాటు కూలికి వచ్చింది.

ఉప్పు పని ఎండతో ఉంటుంది. సముద్రపు పోటుకు కాలవలోకి వచ్చిన నీళ్ళను ఏతంతో తోడి మడులకు పెడతారు. మడి అడుగు కారిపోకుండా ముందు కాళ్ళతో తొక్కి తొక్కి గట్టి చేస్తారు. నీళ్ళు ఎండి ఉప్పు కట్టాక పొడుగాటి కర్రకు బిగించిన పలకతో లాగి గట్టున పోస్తారు. ఎండ కాసినన్ని రోజులే పని. అందుకని ఆ నెలల్లో ఆదివారం లేదు, పండుగ లేదు. రేవుకొత్తూరు గుడికి పూజకు వెళ్ళాలని పరుగున బయలుదేరినా, వీళ్ళు చేరేసరికి పూజ సగమయ్యేది. పగిలిన కాళ్ళతో, ఉప్పు చారలు కట్టిన బట్టలతో వసారాలోనే నిలబడి తిరిగి వచ్చేవారు. మన గుడి మనకుంటే పలక పక్కన పెట్టి రెండు నిమిషాలు కూర్చోవచ్చని అనుకున్నారు.

అప్పట్లో ఈ ఉప్పు కొటారు కూలీల మేస్త్రి చౌరయ్య. నోరు పెద్దది, మనసు చెడ్డది కాదు. అతను పూనుకుని ఇటుకలు తెప్పించాడు. ఆలుచిప్పలు కాల్చి సున్నం చేయించాడు. రేవుకొత్తూరు నుంచి మంచినీళ్ళు బండి మీద వచ్చేవి. మూడు గోడలు లేచాయి. ఇంతలో తాపీమేస్త్రి జ్వరం తగిలి ఇంటికి పోయాడు. బండి ఎద్దుకు కాలు వాచింది. పండుగ దగ్గరపడింది. నాలుగో గోడ తామే కట్టుకుందామని ఆడవాళ్ళు నడుం బిగించారు గాని, సున్నం కలపడానికి నీళ్ళు లేవు.

"కాలవ నిండా నీళ్ళుంటే బండి కోసం ఎదురుచూడటం ఏందమ్మా?" అన్నాడు చౌరయ్య.

"అయి ఉప్పునీళ్ళు గదయ్యా," అంది ఒక ముసలమ్మ.

"ఉప్పయితే ఇంకా మంచిదే గదమ్మా. చేపకి ఉప్పేస్తే చెడదు. మామిడికాయకి ఉప్పేస్తే ఏడాది చెడదు. గోడొక్కటే చెడిపోద్దా? నూరేళ్ళుంటది."

అందరికీ ఆ మాట సబబుగానే తోచింది. ఉప్పును నమ్ముకుని బతికేవాళ్ళకు ఉప్పు చెరుపు చేస్తుందని ఎట్లా తోస్తుంది? ఆ రోజు కాలవలోంచి కడవలతో నీళ్ళు మోసినవారిలో ఇన్నాసమ్మ ఒకరు. ఆమె ఏతం తోడే రాయప్ప భార్య. అప్పుడు ఆమె నిండు చూలాలు. మోయవద్దని అంటే, దేవమాత ఇల్లు కడుతుంటే కూర్చోవడం ఏమిటని మోసింది.

గోడ లేచింది, పండుగ జరిగింది. మరుసటి ఎండాకాలం గోడకు తెల్లగా నూగు పట్టింది. ఆ తర్వాత సముద్రం మీది గాలికి తడి ఊరడం మొదలైంది. పూత ఉబ్బి, పెచ్చులుగా రాలింది. రేవుకొత్తూరు వాళ్ళకు ఇది వేడుకయింది. సంతలో ఉప్పు వాళ్ళు కనిపిస్తే చాలు, "మీ ఊరగాయ గుడి ఊరిందా, ఇంకా ఊరాలా?" అని అడిగేవారు. చౌరయ్య ఆ సంతకు వెళ్ళడం మానేశాడు.

ఇన్నాసమ్మకు ఆడపిల్ల పుట్టింది. జపమాల అని పేరు పెట్టారు. చురుకైన పిల్ల. అమ్మా అనేది, నీళ్ళు అనేది, కాకి అనేది. ఆ మాటలు వచ్చిన కొన్నాళ్ళకే ఒళ్ళు కాలిపోయే జ్వరం తగిలింది. జ్వరం తగ్గాక చూస్తే చెవులు వినపడలేదు. ఉన్న ఆ కాసిని మాటలూ ఒక్కొక్కటే పోయాయి. అన్నిటికంటే చివర పోయింది కాకి.

తర్వాత తల్లీకూతుళ్ళు చేతులతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. అన్నానికి ఒక గుర్తు, నిద్రకు ఒక గుర్తు. రెండు చేతులూ ముందుకు చాపి పలకను లాగినట్టు గుండెల దగ్గరికి లాగితే, పని అని. పిల్ల నాన్న ఏడి అని చూపులతో అడిగితే తల్లి అట్లా లాగి చూపించేది. పనిలో ఉన్నాడు, వస్తాడు అని దాని అర్థం. పిల్ల ఇంక ఏడవకుండా కూర్చునేది.

ఇన్నాసమ్మ మొక్కుకున్నది అప్పుడే. ఏటా పండుగకు ముందు ఆ గోడను గీకి, కడిగి, కొత్త పూత పెడతానని, ఏ ఏడాది పండుగనాడు ఆ గోడ పొడిగా నిలుస్తుందో ఆ ఏడాది తన బిడ్డకు మాట రావాలని. పూజకు వచ్చే జోజి స్వాముల వారికి ఈ సంగతి తెలిసి కేకలేశారు.

"దేవునితో పందెం కడతావా అమ్మా?"

"పందెం కాదు సామీ. పని చేస్తన్నా. కూలి అడుగుతన్నా."



ఆ పని ఎటువంటిదో చెబితే గాని తెలియదు. పొద్దంతా మడిలో ఉప్పు లాగి, సాయంత్రం ఆ ఒళ్ళుతోనే గుడికి రావాలి. ఉబ్బిన పూతను ఇనప రేకుతో ఇటుక కనిపించేదాకా గీకాలి. రాలిన పొడి కళ్ళలో పడితే మంట. రేవుకొత్తూరు నుంచి మంచినీళ్ళు నెత్తిన మోసుకొచ్చి సున్నం కలపాలి. మొగలి ఊడను నలగ్గొట్టి చేసిన కుంచెతో మూడు పూతలు వేయాలి. పైపూత మంచినీళ్ళదే. లోపలి కండ ఉప్పునీళ్ళది. ఎన్ని పూతలు పెట్టినా లోపలి ఉప్పు బయటికి వస్తూనే ఉండేది.

ఆడపడుచు శౌరమ్మ ఒక్కత్తే తోడు వచ్చేది.

"వదినా, ఈ గోడకి పూసిన సున్నం మా ఇంటికి పూసుంటే నేనీపాటికి జమీందారులాగా ఉండేదాన్ని."

"నువ్వు జమీందారువైతే నీ మడిలో ఉప్పెవరు లాగుతారు?"

"నువ్వే లాగుదువు. నీకలవాటేగా, ఊరికే లాగటం."

ఇద్దరూ నవ్వుకునేవారు. తర్వాత్తర్వాత నవ్వు తగ్గింది. మొదటి ఏడు ఇన్నాసమ్మ పూత పెడుతూ జపమాల ప్రార్థన మొత్తం చెప్పింది. కొన్నేళ్ళకు ఒక్క పది పూసల జపం మాత్రమే చెప్పేది. ఇంకొన్నేళ్ళకు గూటి వంక చూసి "వచ్చానమ్మా" అనేది. ఆ తర్వాత అది కూడా లేదు. వచ్చి, చెంగు బిగించి, రేకు తీసుకునేది. భక్తి తగ్గిందని ఎవరైనా అంటే అనవచ్చు. కాళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి.

ఈ క్షేత్రానికి కలలో వచ్చిన ఆజ్ఞ ఏదైనా ఉందా అని యాత్రికులు అడుగుతుంటారు. లేదు. దేవమాత కలలో కనిపించి ఒక మాట చెబుతుందని ఇన్నాసమ్మ చాలా ఏళ్ళు చూసింది. పడుకుంటే తెల్లారిపోయేది. రెక్కలు ముక్కలు చేసుకునేవాళ్ళకు నిద్ర వస్తుంది గాని కల రాదు.

ఇట్లా ఉండగా ఒక ఏడాది, ఎక్కడో తిరునాళ్ళకు వెళ్ళి వస్తున్న జనం దారి తప్పి గట్టెక్కారు. నీడ కోసం గుడిలోకి వచ్చి గోడ చూశారు. సరిగ్గా గూటి కింద రెండు ధారలు కారుతున్నాయి. వారిలో ఒకరు మాత ఏడుస్తోందన్నారు. ఆ మాట గట్టు దాటి, రేవు దాటి, బస్సులెక్కి పోయింది. నెల తిరగకముందే కొటారుపాలేనికి జనం రావడం మొదలైంది. గుడ్డలు గోడకు అద్దుకునేవారు, సీసాలు కింద పెట్టుకుని కూర్చునేవారు. ఊరగాయ గుడి అన్నవాళ్ళే కొబ్బరిబోండాలు తెచ్చి అమ్మారు. చౌరయ్య తాటాకు పందిరి వేయించి, చాలా ఏళ్ళ తర్వాత సంతకు వెళ్ళి వచ్చాడు.

పాలెంలో అందరికీ నిజం తెలుసు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరూ నిజమూ చెప్పలేదు.

ఒకనాడు ఒక చిన్నవయసు తల్లి చంటిబిడ్డను ఎత్తుకుని వచ్చింది. బిడ్డ కళ్ళు పుసి కట్టి మూసుకుపోయి ఉన్నాయి. ఆమె గోడ కింద దోసిలి పట్టి, ఆ తడిని వేలితో బిడ్డ కంటికి పెట్టబోతోంది. గోడ గీకుతున్న ఇన్నాసమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"వద్దమ్మా. ఉప్పునీళ్ళు. మంట పుడతాయి."

"కన్నీళ్ళంటగా అక్కా?"

"కాదమ్మా. గోడ కట్టేటప్పుడు మేమే కాలవలోంచి మోసుకొచ్చాం. బిడ్డ కళ్ళు మంచినీళ్ళతో కడుగు. రేవులో డాక్టరు ఉన్నాడు, తీసుకుపో."

చుట్టూ ఉన్నవారు విన్నారు. గుడ్డలు మడిచారు, సీసాలు ఎత్తారు. కొందరు తిట్టారు, కొందరు ఊరికే వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి గట్టు మళ్ళీ ఖాళీ. పందిరి ఊడదీస్తూ చౌరయ్య, "ఏమ్మే ఇన్నాసమ్మా, నీ ఇంట్లో రెండు నోళ్ళకీ కలిపి నువ్వొక్కదానివే మాట్లాడతన్నావే," అన్నాడు. అన్నాక అతనికే బాగాలేక తల తిప్పుకున్నాడు. ఇన్నాసమ్మ ఆ రోజు గోడ గీకడం సగంలో ఆపి ఇంటికి వెళ్ళిపోయింది.

ఈ గొడవంతా స్వాముల వారి పైవారి దాకా పోయింది. లేని అద్భుతం పేరుతో జనం చేరడం మంచిది కాదనీ, గోడ కూడా నమ్మదగింది కాదనీ వారు అనుకున్నారు. వచ్చే పండుగకు గోడ గట్టిగా, పొడిగా నిలిస్తే సరి, లేకపోతే గుడి మూసి స్వరూపాన్ని రేవుకొత్తూరుకు తరలించమన్నారు. జోజి స్వాముల వారే ఈ కబురు మోసుకొచ్చారు.

"ఇది నేను చెప్పే మాట కాదమ్మా. చెప్పమన్న మాట," అని తల వంచుకున్నారు.

ఇన్నాసమ్మ బిడ్డకు మాట వచ్చేది ఆ గోడ నిలిస్తేనే. ఇప్పుడు పాలేనికి గుడి మిగిలేది కూడా ఆ గోడ నిలిస్తేనే. ఆమె గూటి ముందు నిలబడి, చాలా కాలానికి నోరు తెరిచి, "ఇదే ఆఖరు. ఈసారి నిలవకపోతే నేనిక రాను," అంది. కోపంగా అనలేదు. సంచి దించుకునేవాళ్ళు అన్నట్టు అంది.

ఆ ఏడు ఆమె శ్రమ ఇంతా అంతా కాదు. ముందుగానే మొదలుపెట్టింది. ఇటుకల సందుల్లో సున్నం కూడా గోకి తీసింది. మంచినీళ్ళతో పదే పదే కడిగింది. గోడ ఆరడానికి మొగలి మట్టలు తెచ్చి గుడిలో మంట పెట్టింది. రాయప్ప మాటకారి కాదు, అయినా ఆ ఏడు ఏతం దిగి వచ్చి నీళ్ళు మోశాడు. శౌరమ్మ సున్నం కలిపింది. పాలెంలో ప్రతివాళ్ళూ పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి తలుపు దగ్గర ఆగి గోడ చూసి పోయేవారు. గోడ పొడిగానే ఉంది. పండుగ ముందురోజు కూడా పొడిగానే ఉంది.

పండుగనాడు పొద్దున ఇన్నాసమ్మ ఉతికిన చీర కట్టుకుంది. పిల్ల తల దువ్వి, చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి గోడకు ఎదురుగా కూర్చోబెట్టింది. పిల్లకు అప్పటికి పరికిణీ కట్టే వయసు. పాలెం అంతా గుడిలో చేరింది. ఊపిరి సలపని జనం. బయట గాలి స్తంభించింది. ఉక్కపోతకు అందరి ఒళ్ళూ కారుతున్నాయి. గట్టు మీద నడిచి వచ్చిన స్వాముల వారు తెల్ల అంగీ వీపుకు అంటుకుపోయి, రొప్పుతూ పీఠం దగ్గర నిలబడ్డారు. పూజ మొదలుకావాలి.

ముందు గూటి కింద అరచేయంత మేర నల్లబడింది. చూస్తుండగానే అది పక్కలకు పాకింది. గోడ నిండా సన్నటి బొట్లు లేచాయి. ఒక పెచ్చు ఊడి పీఠం మీద పడింది. ఆ వెనుకే ఇంకొకటి. చౌరయ్య కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ఇన్నాసమ్మ లేచి గోడ దగ్గరికి వెళ్ళింది. మోకరించలేదు. పని దిగినవాళ్ళు గట్టున కూర్చున్నట్టు కాళ్ళు బారచాపి, ఆ తడిగోడకే వీపు ఆనించి కూర్చుంది.

"ఇంక నా వల్ల కాదు," అంది.

జపమాల తల్లి దగ్గరికి వచ్చింది. ఏం జరిగిందో పిల్లకు తెలియదు. మాట వస్తుందని ఎదురుచూస్తున్నారని గానీ, గుడి మూస్తారని గానీ ఆమెకు ఎవరు చెప్పగలరు? తల్లి ముఖం చూసింది. వెనుక గోడ చూసింది. గోడ మీది బొట్టును వేలితో తీసి నాలుకకు రాసుకుంది. తర్వాత వంగి, తల్లి నుదుటి మీది చెమటను వేలితో తీసి, దాన్నీ నాలుకకు రాసుకుంది. ఏదో తెలిసినట్టు ఆగింది. గూటిలోని మాతను చూపించింది. రెండు చేతులూ ముందుకు చాపి, పలకను లాగినట్టు గుండెల దగ్గరికి లాగింది.

ఇన్నాసమ్మ చూస్తూ ఉండిపోయింది. తల్లికి అర్థం కాలేదేమో అనుకుని పిల్ల మళ్ళీ చూపించింది. మాతను, లాగడం. తల్లిని, లాగడం. తర్వాత పరికిణీ అంచుతో తల్లి నుదురు తుడిచింది. అదే అంచుతో గోడనూ తుడిచింది.

"ఏమంటదే వదినా?" అంది శౌరమ్మ మెల్లగా.

"పనిలో ఉందంట," అంది ఇన్నాసమ్మ.

"ఎవరు?"

"అమ్మ. మనతో పాటే ఉందంట, పనిలో."

అప్పుడు ఆమె తల వెనక్కి తిప్పి గూటిలోకి చూసింది. ఇన్నేళ్ళూ ఆ ముఖం చూసి కూలి అడిగిందే గాని పాదాలు చూడలేదు. ఉప్పు తిని, వేళ్ళు కలిసిపోయి, మడమలు పగిలిన పాదాలు. గట్టు మీద గొడుగు కింద నిలబడి పని చూసేవాళ్ళ పాదాలు అట్లా ఉండవు. మడిలో దిగినవాళ్ళకే ఉంటాయి. తన కాళ్ళూ అట్లాగే ఉన్నాయి. ఒక్కదాన్నే లాగుతున్నాను అనుకుంది ఇన్నేళ్ళు. పక్క మడిలో ఇంకొకరు లాగుతున్నారని తెలియలేదు. వంచిన తల ఎత్తితే గదా తెలిసేది.

ఆమె ఏడ్చిందో లేదో పెద్దలు చెప్పలేదు. ఆ గోడ ముందు కన్నీళ్ళకు, చెమటకు తేడా తెలియదు.

పిల్ల అంతటితో ఆగలేదు. శౌరమ్మ నుదురు తుడిచింది. రాయప్పది తుడిచింది. చౌరయ్య తల వెనక్కి లాక్కుంటే చెవి పట్టుకుని తుడిచింది. పీఠం దగ్గరికి వెళ్ళి, మునివేళ్ళ మీద లేచి స్వాముల వారి నుదురూ తుడిచింది. స్వాముల వారు కదలకుండా తుడిపించుకున్నారు. తర్వాత ఆయన కూడా వచ్చి చాప మీద కూర్చున్నారు. కాసేపటికి అడిగారు.

"వచ్చే ఏడు పూత ఎప్పుడు మొదలుపెడతారమ్మా?"

ఇన్నాసమ్మ ఒళ్ళో రాలిన పెచ్చును వేళ్ళతో నలిపి చూసింది. తర్వాత, "ఈస్టరు పండుగ కాగానే సామీ," అంది.

"నాకొక కుంచె ఉంచు."

"సాములకి కుంచె పట్టటం వస్తదా?" అన్నాడు చౌరయ్య, ఉండబట్టలేక.

"ఉప్పునీళ్ళతో గోడ కట్టించినవాడివి, నువ్వు నేర్పుదువులే," అన్నారు స్వాముల వారు. గుడి అంతా నవ్వింది. ఆ నవ్వు మీదనే పూజ మొదలైంది.

పైవారికి ఆయన ఏం రాశారో, ఏం చెప్పారో ఎవరికీ తెలియదు. గుడి మూయలేదు. స్వరూపం కదల్లేదు. అద్భుతం అని మళ్ళీ ఎవరూ పందిరి వేయలేదు.

జపమాలకు మాట రాలేదు. ఈ సంగతి దాచకుండా చెప్పడం ఈ క్షేత్రపు పద్ధతి. ఆమె పెరిగి పెద్దదై, తల్లితో పాటు మడిలో ఉప్పు లాగింది, తల్లితో పాటు గోడకు పూత పెట్టింది. ఇన్నాసమ్మ ముసలితనంలో చూపు మందగించాక కూడా పండుగ ముందు గోడ దగ్గరికి వచ్చి, తడిమి తడిమి పెచ్చులు రాల్చేది. ఆమె ఆఖరి రోజుల్లో ఎవరో పలకరించడానికి వచ్చి, "ఏమ్మా, అన్నేళ్ళు చేశావు గదా, దేవమాత నీ కూలి ఇచ్చిందా?" అని అడిగారట.

"ఇంకా పని అయిపోలేదుగా," అందట.

తల్లీకూతుళ్ళ సమాధులు గుడికి పడమటి పక్క, ఆ గోడ వెలుపలే ఉన్నాయి. వాటి మీది సున్నం కూడా నిలవదు.

ఆనాటి నుంచి ఇక్కడ జరుగుతున్న ఆచారం ఇదే. చెమటతో లోపలికి వచ్చినవారు తమ ముఖం తాము తుడుచుకోరు. పక్కన ఎవరు కూర్చుంటే వారి నుదురు తుడుస్తారు. చెంగుతోనో, కండువాతోనో, ఏమీ లేకపోతే చేత్తోనో. ముక్కు మొహం తెలియనివారికైనా సరే. మొదట సిగ్గుగా ఉంటుంది. తుడిపించుకోవడానికి ఇంకా సిగ్గుగా ఉంటుంది. అత్తాకోడళ్ళు, మాటలు లేని అన్నదమ్ములు పక్కపక్కన పడితే ఆ కాసేపు చూడాలి. తర్వాత గోడకు అరచెయ్యి ఆనించి, ఆ చేతిని తమ నుదుటికి తాకించుకుంటారు. జపం చెప్పే ఓపిక లేనివారు కాళ్ళు చాపుకుని గోడకు ఆనుకుని కూర్చోవచ్చు. ఎవరూ లేపరు. నిద్ర పట్టినా లేపరు.

ఈ మాతను వేడుకుంటే కోరింది దొరుకుతుందా అని అడిగేవారికి పాలెం వాళ్ళు ఒకటే చెబుతారు. దొరికినవారు ఉన్నారు, దొరకనివారు ఉన్నారు. ఇద్దరూ మళ్ళీ వస్తున్నారు. ఎదురుచూసి ఎదురుచూసి విసిగినవారికి, ప్రార్థన నోట్లోనే ఆరిపోయినవారికి, రోగిని కనిపెట్టుకుని ఉండి ఒళ్ళు హూనమైనవారికి ఈ గోడ ఆసరా. వారి పక్కన వారి పనిలోనే ఒకరున్నారని తెలియడం ఇక్కడి దీవెన. అంతకు మించి ఈ గోడ ఏ మాటా ఇవ్వదు.

పండుగ మే నెల ఆఖరి శనివారం. ఈ ఏడు కూడా గోడ రాలింది. ఆలుచిప్పల సున్నం నానబెట్టి ఉంది. కుంచెలు గుడిలోనే దొరుకుతాయి. వచ్చేవారు తలా ఒక సీసా మంచినీళ్ళు, తొడుక్కోవడానికి పాతబట్టలు తెచ్చుకోవలసిందిగా మనవి.